రేవు అధ్యాయం

“ఆ పుస్తకం ఆవిడ దగ్గరుందమ్మా,” అన్నాడు లైబ్రేరియన్, కిటికీ పక్క బల్ల వైపు గడ్డంతో చూపించి.

కాలేజీ పిల్ల అటు చూసింది. నెరిసిన జుట్టు. కుర్చీకి తగిలించిన ఊదారంగు గొడుగు.

మళ్ళీ ఆవిడే!

పిల్లకి లైబ్రరీ కొత్త. కాలేజీలో ఇవ్వాల్సిన పరిశోధన పేపరు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మొదటిరోజు బీరువాల మధ్య తప్పిపోయిన దూడలా తిరిగింది. “నీ అంశం మీద ఇదివరకు ఎవరేం రాశారో చూడు. ఏయే పుస్తకాలు చూసి రాశారో చివర్లో ఉంటుంది. అవి పట్టుకుని ముందుకు పో,” అని లైబ్రేరియనే దారి చెప్పాడు.

ఎటు నుంచి పోయినా ఒకే పుస్తకం దగ్గర తేలింది. వంతెన రాకముందు ఏటి మీద పడవలు నడిపినవాళ్ళ సంగతంతా అందులోనే ఉందట.

అదేమో గొడుగావిడ వదలదు.

“శుక్రవారానికి మాస్టారికి ఏదో ఒకటి చూపించాలి సార్. లేకపోతే నా అంశం పక్క బెంచీ అమ్మాయికి ఇచ్చేస్తారు.”

“ఆవిడ పని కానీ తల్లీ. ఆగితే నీకే మంచిది.”

నీకే మంచిదట! పిల్లకి ఒళ్ళు మండింది.

ఆవిడకి కిటికీ పక్క చోటు. వచ్చీరాగానే “కళ్ళెలా ఉన్నాయండీ?” అని పలకరింపు. తనను ఒక్కరోజైనా ఎలా ఉన్నావని అడిగాడా?

పైగా ఆవిడ వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని పనిచేస్తోంది, పరీక్షలో పక్కవాళ్ళు చూస్తారేమో అన్నట్టు. అదీ సంగతి. ఈవిడ కూడా తన అంశం మీదే రాసేస్తోంది!

మర్నాడు లైబ్రేరియన్ సెలవు. ఆయన కుర్చీలో ఇంకో ఉద్యోగి ఉన్నాడు.

“ఒకే పుస్తకం ఎన్నాళ్ళయినా ఒకరి దగ్గరే ఉండొచ్చా సార్? ఇది లైబ్రరీయా, ఆవిడ పుట్టిల్లా?”

అతను రూల్సు మనిషి. నేరుగా వెళ్ళి చెయ్యి చాచాడు.

“ఇంకో రెండు రోజులు బాబూ. కొంచెమే మిగిలింది.”

“కుదరదమ్మా. ఆ అమ్మాయి అడుగుతోంది.”

గొడుగావిడ కళ్ళద్దాలు సర్దుకుని పిల్లను కళ్ళు చికిలించి చూసింది. “నువ్వా అమ్మా? దేని గురించి రాస్తున్నావు?”

చెబితే ఎత్తుకుపోదూ! “ఏదో లెండి.”

“అది కాదమ్మా, రేవు అధ్యాయం ఇంకా...”

“నేను చూసుకుంటా లెండి.”

ఆవిడ పుస్తకం మూసింది. అట్టను అరచేత్తో ఒకసారి తుడిచి ఇచ్చేసింది. గొడుగు తీసుకుని మెల్లగా మెట్లు దిగింది.

పిల్ల గెలిచినట్టు వెళ్ళి అదే కుర్చీలో కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది.

రేవు అధ్యాయం తెరిచింది.

అచ్చు పేజీలు లేవు. ఎవరో ఎప్పుడో బ్లేడుతో కోసుకుపోయారు. మిగిలిన మొదళ్ళకు తెల్ల కాగితాలు అతికించి ఉన్నాయి. వాటి నిండా గుండ్రటి చేతిరాత. పేజీల అంకెలు కూడా వేసి ఉన్నాయి.

పిల్ల చదువుకుంటూ పోయింది.

‘రేవు మూసిన రోజున పడవవాళ్ళందరూ ఒడ్డున చేరి, ఒకరితో ఒకరు’

అంతే. ఆ తరువాత కోసిన మొదళ్ళే.

శుక్రవారం పొద్దున లైబ్రేరియన్ వచ్చేసరికి పిల్ల ఆ పేజీ తెరిచి పట్టుకుని నిలబడి ఉంది.

“ఆవిడ ఎక్కడుంటారు సార్?”

“ఇక రాదమ్మా. చూపు తగ్గిపోతోంది, రాతపని వద్దన్నాడు డాక్టరు. ఇదొక్కటీ ముగిస్తానంది. నిన్న లైబ్రరీ కార్డు కూడా తిరిగి పంపించేసింది.”

“ఇదంతా ఎక్కడ చూసి రాశారు?”

“పక్క ఊరి లైబ్రరీలో ఇంకో ప్రతి ఉంది. బయటికివ్వరు. బస్సులో పోయి, రాసుకొచ్చి, ఇక్కడ అతికించేది. పూర్తయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దంది.”

“ఎందుకు సార్ ఇంత కష్టం?”

లైబ్రేరియన్ పుస్తకం అందుకుని మెల్లగా మూశాడు.

“ఆవిడా చదివింది మీ కాలేజీలోనే, పేపరుకి తీసుకున్నది నీ అంశమే. అప్పటికే ఈ పేజీలు లేవు. పేపరు ఆగింది, దాంతో చదువూ ఆగింది. ‘నా వెనక ఎప్పటికైనా ఓ పిల్ల రేవు గురించి వెతుక్కుంటూ వస్తుంది, అది ఉత్త చేతులతో పోకూడదు’ అంటుండేది.”