పండుగప్ప పిల్లల మేత

ఆ కాలానికి కోరంగి పాయల వెంట ప్రతి ఇంట్లోనూ నీళ్లను చదివే పెట్టె ఉండేది. చెంబుడు నీళ్లు పోస్తే, అందులో ఏయే జీవులున్నాయో డీఎన్ఏని బట్టి చెప్పేది.

లోవరాజు, అతని భార్య నూకరత్నం తొట్టిలో పెంచిన పండుగప్ప చేపపిల్లలు పాయలోకి వదిలే ఈడుకొచ్చాయి. లోవరాజు ఇంటి ముందు పాయలోంచి చెంబుడు నీళ్లు తెచ్చి పెట్టెలో పోశాడు.

"మేత పురుగులు బోలెడున్నాయంటంది పెట్టె. వదిలేద్దామే," అన్నాడు లోవరాజు.

నూకరత్నం ఆ నీళ్లలో ఒక చుక్కను మైక్రోస్కోపులో చూసింది. ఖాళీ డొల్లలే తేలుతున్నాయి.

"అన్నీ చచ్చినయ్యే మావా. చచ్చినా వాటి డీఎన్ఏ నీళ్లలో ఉంటది కదా! ఇక్కడొదిలితే పిల్లలు ఆకలికి పోతాయి."

ఇద్దరూ తొట్టినీ, పెట్టెనూ, మైక్రోస్కోపునూ పడవకెక్కించుకుని మడ అడవి వెనక పాయకు వెళ్లారు. అక్కడి చుక్కలో ఏవో చురుగ్గా కదులుతున్నాయి. అవి మేత పురుగుల పిల్లలో, చేపల రక్తం పీల్చే పేల పిల్లలో ఆమె పోల్చుకోలేకపోయింది. లేతగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి.

"నీ పెట్టెనడుగు మావా," అంది.

మేత పురుగులే, పేలు లేవని పెట్టె చెప్పింది.

తొట్టిని పాయలో దింపిన వలగూట్లోకి వంచారు. పిల్లలు కాసేపు బెదిరి ఒకచోట గుమిగూడాయి. తర్వాత ఒక్కొక్కటే నోరు తెరిచి మేతకు ఎగబడ్డాయి.

"తింటన్నాయే!" అన్నాడు లోవరాజు.

నూకరత్నం నవ్వుతూ క్యారేజీ మూత తీసింది.

"రా మావా, మనమూ తిందాం."