ముడి పడని గడ్డిపోచ

తనకు గూడు అల్లడం రాదని గోరువంక టీచర్ ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెట్టు తొర్రల్లో కాపురముండే జాతికి అల్లిక ఎక్కడిది? అయినా గిజిగాడి పిల్లలకు అల్లిక పాఠం ఆమే చెబుతోంది. బడికి మెరిసే తెర వచ్చిన రోజునే, ఇక అవసరం లేదని, అల్లిక నేర్పే ముసలి గిజిగాడు మాస్టారిని బడి పెద్దలు పంపేశారు. ముక్కుతో తెరను ఒక్కసారి పొడిస్తే చాలు, బొమ్మలోని గడ్డిపోచ తనంతట తానే ముడి పడుతుంది. పిల్లలు పాఠమంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు.

ఆ రోజు పడమట మబ్బు కమ్మింది. వానల్లోపు గూళ్లు కట్టకపోతే ఈ పిల్లలకు నిలువ నీడ ఉండదు. టీచర్ వాళ్లను తుమ్మకొమ్మ మీదికి తీసుకెళ్లి, తలా ఒక పోచ ఇచ్చింది.

అందరిలో చిన్నవాడు పోచను ఒక్క పోటు పొడిచి, తీరిగ్గా కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నావురా?"

"పొడిచాను టీచర్. ఇంకా ముడి పడలేదు. ఈ పోచ పాడైనట్టుంది. మీరొకసారి వేసి చూపించండి."

ఆమె పోచ అందుకుంది. రెండుసార్లు మెలిపెట్టింది. అది జారి కింది నీళ్లలో పడింది.

"నాకు రాదు నాన్నా," అంది చివరికి.

"హమ్మయ్య," అన్నాడు వాడు. "మాకే రాదనుకున్నాం."

ఆ తెరలోంచి, మాస్టారు ఇప్పుడుంటున్న అవతలి తాటితోపుకు ఫోన్ కూడా కలుస్తుంది. ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలో తెలియక, ఆమె ఎన్నడూ ఆ మీట ముట్టలేదు. ఇవాళ మాస్టారికి ఫోన్ చేయాల్సిందే అనుకుంది. పాఠం చెప్పడానికి మళ్లీ రమ్మని, పిల్లల వరసలో తనకూ కాస్త చోటు అడగాలి.