నాలుగో నంబరు కెమెరా

“మీకు నేను రైలు నేర్పడమంటే తాతకు దగ్గులు నేర్పినట్టే బాబాయిగారూ!” అంది పైవాటా అమ్మాయి, కంప్యూటర్ ముందుకు కుర్చీ లాక్కుంటూ.

ముప్పై రెండేళ్లు ఇంజన్ డ్రైవరుగా చేసిన పెద్దాయన నవ్వాడు. రిటైరయ్యాక ఊసుపోవడం లేదంటే, నెల క్రితం అద్దెకు దిగిన ఈ పిల్లే రైలు ఆట ఎక్కించి పెట్టింది. ఆయన తిప్పిన లైనే అందులో ఉంది. బండి నడపడం ఇట్టే వచ్చేసింది. కెమెరాలే ఓ పట్టాన కొరుకుడుపడటం లేదు.

“ఒకటి నొక్కితే ఇంజన్ లోపలి నుంచి. రెండు, బండి పక్క నుంచి. నాలుగు నొక్కితే పట్టాల మీద మనమే ఉన్నట్టు.”

“ఆ నాలుగే నేర్పు. పెద్ద మలుపులో ఉన్నవాడికి బండి ఎప్పుడు కనబడుతుందో చూడాలి.”

పదకొండేళ్లుగా ఆయన్ని నిద్రపోనివ్వని మలుపు అది. బోల్టులు బిగిస్తున్న గ్యాంగ్‌మన్ ఒకడు అక్కడ ఆయన బండి కింద పడ్డాడు. హారన్ కొట్టినా వినిపించుకోలేదు, చెవులు మందమేమో అని విచారణలో రాశారు. ఆటలో మనుషుల్లేరు. అయినా మలుపు తిరిగినప్పుడల్లా ఆయనకు నారింజరంగు చొక్కా కనబడుతూనే ఉంది. బండి దూరం నుంచే కనబడుతుందని తేలితే చాలు, గుండె మీద బరువు దిగుతుంది.

అమ్మాయి నాలుగు నొక్కింది. కెమెరాను మలుపులోకి జరిపింది. కిలోమీటరు రాయి దాటాక పట్టాల కింది మూడో స్లీపర్ దగ్గర ఆపి, వంగిన మనిషి కళ్ల ఎత్తుకు దించింది.

“చూడండి.”

మట్టిగట్టు. తుప్పలు. ఉన్నట్టుండి తెరనిండా ఇంజన్. రెండు సెకన్లు కూడా లేదు.

ఆయన తెర మీదికి వంగాడు.

“కనబడదు. గాలి అటు వీస్తే చప్పుడూ రాదు. పాపం, వాడికి హారనే దిక్కు.”

“కొట్టారుగా?” మెల్లగా అడిగింది.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“మలుపుకు ముందుండే హారన్ బోర్డు దగ్గర కొట్టాలి. ఫ్లాస్కు మూత తీస్తూ మర్చిపోయాను. కొట్టానని అబద్ధమాడాను. ఇన్నాళ్లకు నీకే చెబుతున్నాను తల్లీ.”

అమ్మాయి కంప్యూటర్ ఆపేసి లేచింది. గుమ్మం దగ్గర ఆగి కళ్లు తుడుచుకుంది.

“ఇక ఊరెళ్లి అమ్మకు చెప్పాలండీ, నాన్న చెవులకు ఏ లోపమూ లేదని.”