ఎంగిలి ముద్ద

నవంబరు పంతొమ్మిది. ఆ పూట సామ అన్నం, రాజ్మా గింజల కూర, కాల్చిన ఎండుచేప. కూరలో ఉప్పు ఎక్కువైందని తెరిసమ్మ తనే అని, తనే మరో గరిటె వేసుకుంది.

భార్యతో కలిసి తిన్న ఆ పూట ఐజాక్ మేస్టారుకు అంతా గుర్తే. ఆ మర్నాటి నుంచే, పొద్దుగూకేసరికి ఆమె మంచం ఖాళీ.

అప్పుడాయన టార్చిలైటు, ఆమె ఊదారంగు స్వెట్టరు తీసుకుని బయల్దేరతాడు. అరకు చలి మామూలు చలి కాదు. పైన ఏదీ కప్పుకోకుండా ఎంతసేపని తిరుగుతుంది? ఒకసారి కాఫీ తోటల్లో వెతికాడు. ఒకసారి గెడ్డ ఒడ్డున. ఎక్కువసార్లు చర్చి వెనక. ఎంత దూరం పోయినా చివరికి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని మెల్లగా ఇంటికి చేరుస్తారు. అప్పటికే ఆయనకు ఒళ్లు తూలిపోతూ ఉంటుంది. ఆమెతో ఒక్క మాట మాట్లాడదామనుకునేలోపే నిద్ర ముంచుకొస్తుంది.

ఊళ్లోవాళ్ల మంచితనం ఒకటి ఆయన గమనించాడు. ఒకప్పుడు "ఒలే తెరిసా" అని కేకేసిన ఆడవాళ్లే ఇప్పుడు ఆ ప్రస్తావన వస్తే గొంతు తగ్గిస్తారు.

"నిన్న మల్లీ ఎల్లిపోనారేటమ్మా?" అని కూతురు ఫ్లోరెన్సును అడుగుతారు. "గెడ్డకాడ దొరికారంట గదా. పాపం."

బుద్ధి చెదిరిన మనిషికి అంత మర్యాద ఎవరిస్తారు? ఆపాటి దయ చాలనుకున్నాడు.

కుక్కను పెంచుదామన్న ఆలోచన ఫ్లోరెన్సుది. ఆశ్రమ పాఠశాలలో నర్సు ఆ అమ్మాయి.

"నేను డ్యూటీకి పోతే కనిపెట్టుకుని ఉండేవాళ్లెవరు నాన్నా?"

"నేను లేనూ?"

కూతురు తల తిప్పుకుని డ్యూటీ సంచి సర్దుకుంది. నిజమే మరి. కట్టుకున్న మనిషి గడప దాటిపోతుంటే ఆపలేని మొగుడు ఉండి ఏం లాభం?

నాలుగు రోజులు కళ్లజోడు సర్దుకుంటూ కూతురి ఫోనులో కుక్కల జాతుల గురించి చదివాడు. లాబ్రడార్ అందరితో స్నేహంగా ఉంటుందట. అంటే ఎవరు ఎటు పోయినా తోక ఊపుతుంది. జర్మన్ షెపర్డ్‌ను చూస్తేనే తెరిసమ్మ జడుసుకుంటుంది. పామరేనియన్ చిన్నగా, ముద్దుగా ఉంది. తెరిసమ్మ ఒళ్లో పెట్టుకుంటుందేమో. పాత నోటుపుస్తకం చివరి పేజీలో మూడు పేర్లూ రాసుకుని, మొదటి రెండింటి పక్కన సున్నా చుట్టి, డుంబ్రిగుడ సంతకు కూతురి వెంట నడిచాడు.

సంతలో చీపుర్లు అమ్మే సుక్రు, ఒకప్పుడు ఆయన బడిలో పిల్లవాడే. వెదురు కర్రకు మూడు ఎదిగీ ఎదగని కుక్కల్ని కట్టి కూర్చున్నాడు.

"దండాలు మేస్టారు. ఏ జాతి కావాల?"

"పామరేనియన్ దొరుకుతుందా?"

"ఆ తెల్ల బొచ్చుదా? అది కుక్కేటి మేస్టారు, సిరుతకి టిఫినీ."

ఫ్లోరెన్స్ నవ్వింది. ఆ అమ్మాయి నవ్వి ఎన్నాళ్లయిందోనని మేస్టారుకు కడుపు నిండినట్టయింది.

"మరి ఇవి ఏ జాతి?"

"కొండ జాతి. నా జాతే. బెత్తం ఇరగ్గొట్టినా నాకు ఎక్కాలు రానేదు గానీ, కుక్కల సంగతి నాకొగ్గీండి."

మేస్టారు ఒంగి వాటిని పరీక్షగా చూశాడు. "లోపలికొచ్చేవాళ్లను చూసి మొరిగేది నాకొద్దురా. బయటికి పోయే మనిషిని వదలనిది కావాలి. కొండెక్కితే కొండెక్కాలి. పొద్దు పోతే పక్కనే ఉండాలి."

సుక్రు నవ్వు ఆగిపోయింది. ఫ్లోరెన్స్ వైపు ఒకసారి చూసి, బూడిదరంగు కుక్క తాడు విప్పాడు.

"దేనికైనా ఒకటే మందు మేస్టారు. ఎంగిలి ముద్ద. నోట్లో నమిలి పెట్టాల. ఎవులెంగిలి తింటే సచ్చీదాకా ఆ మనిసెనకాలే ఉంటాది."

ఫ్లోరెన్స్ సంచిలోంచి ఆకు పొట్లం తీసింది. రాగి సంకటి.

"బాగుంది," అన్నాడు మేస్టారు. "ఇంటికి పట్టుకెళ్లి మీ అమ్మ చేత నమిలిద్దాం."

"ఇక్కడే పెట్టాలి నాన్నా. నువ్వు నములు."

"నేనా? అది నా వెంట పడితే ఏం ప్రయోజనమే?"

ఫ్లోరెన్స్ పొట్లం చాపిన చెయ్యి వెనక్కి తీయలేదు. సుక్రు చీపుర్లు సర్దుతూ, తలెత్తకుండా అన్నాడు.

"ఔను మేస్టారు. సంతలోనే పెట్టాల. ఇల్లు సేరితే ఇంక పట్టదు."

అలాంటి నియమం ఆయన ఎన్నడూ వినలేదు. అయినా ఇద్దరు కలిసి చెబుతుంటే ఏమనగలడు? ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలి అరచేతిలోకి తీశాడు. కుక్క వేళ్ల సందులు కూడా నాకేసింది.

దారి పొడుగునా అది ఆయన మడమల్ని వదల్లేదు. ఆయన ఆగితే ఆగింది. ఫ్లోరెన్స్ పిలిచినా పోలేదు.

చీకటి పడేవేళకు ఇల్లు చేరారు. మేస్టారు ఊదారంగు స్వెట్టరు తీసి దాని ముక్కు దగ్గర పెట్టాడు.

"ఇదీ ఆమె వాసన. చూసుకో. నేను కాదు, ఆమె."

కుక్క ఒకసారి వాసన చూసింది. ఆయన పాదం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది. కాలు లాక్కున్నాడు. అది జరిగి మళ్లీ అక్కడే తల పెట్టింది.

ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. "తప్పు కుక్కను తెచ్చామమ్మా. ఇది నన్ను కాస్తుంది. మీ అమ్మ పోతుంటే దీనికి పట్టదు."

"మంచి కుక్కే నాన్నా. పడుకో."

స్వెట్టరు గుండెల మీద పెట్టుకుని ఆయన ఒరిగాడు. పక్క మంచం ఖాళీగా ఉంది. లేచి వెతకాలి. కాసేపాగి లేస్తాననుకున్నాడు.

చర్చి వెనక సమాధిలో మూడేళ్లుగా ఉన్న అమ్మను వెతుక్కుంటూ నాన్న మళ్లీ బయల్దేరినా, ఈసారి వెంట కుక్కయినా ఉంటుందనుకుంటూ ఫ్లోరెన్స్ చప్పుడు కాకుండా తలుపు మూసింది.