ఆరో నంబరు కెమెరా

"ఈ కెమెరాని ఎవరు తిప్పారు, అంకుల్?"

షు ఫెన్ అడిగిన తీరుకి బూన్ కెంగ్ తల ఎత్తలేదు. బూట్లకంటిన బురదని గడ్డికేసి రుద్దుకుంటూ, "కోతులై ఉంటాయి" అన్నాడు.

"కోతులు స్క్రూ విప్పి మళ్లీ బిగిస్తాయా?"

ఆయన రెండో బూటు రుద్దడం మొదలుపెట్టాడు.

సింగపూర్‌లో ఎత్తయిన ఫ్లాట్ల మధ్య మిగిలిన ఆ రక్షిత అడవిలో అడవిపందులెన్నో లెక్క తేల్చడం షు ఫెన్ ఉద్యోగం. బస్సు డ్రైవరుగా రిటైరైన బూన్ కెంగ్ ఆమెకి జీతం లేని సహాయకుడు. చెట్లకి కట్టిన పన్నెండు కెమెరాల్లోంచి వారం వారం ఫోటోల మెమరీ కార్డులు తీసి తెచ్చిస్తాడు. శుక్రవారం ఆమె ఇచ్చే అంకెని బట్టే పందుల్ని పట్టి చంపాలా, వదిలెయ్యాలా అన్నది తేలుతుంది.

చిక్కంతా ఆరో కెమెరాతోనే. దాని చుట్టూ నేలని పందులు మూతులతో దున్ని పోశాయి. ఫోటోల్లో మాత్రం నెల రోజులుగా ఒక్క పందీ లేదు. ఉన్నదల్లా బండరాయి.

"తక్కువ చూపిస్తే బతికిపోతాయని దాస్తున్నారు. అంతేగా?"

"వాటి మీద నాకంత ప్రేమేం లేదమ్మాయ్. కావాలంటే నీ అంకెకి ఇంకో పది కలుపుకో."

"కావలసినంత కలుపుకోడానికి ఇదేమన్నా కాఫీలో చక్కెరా?"

మర్నాడు పొద్దున షు ఫెన్ ఆయనకి చెప్పకుండా, ఇద్దరూ కలిసే వేళకి గంట ముందే వచ్చి ఫెర్న్ పొదల వెనక కూర్చుంది. సన్నగా వాన పడుతోంది. కాసేపటికి బూన్ కెంగ్ వచ్చాడు. వెంట ఎవరో ఆడమనిషి, ముఖం కనబడకుండా పసుపు రంగు రెయిన్‌కోటులో. ఆమె అటు తిరిగి సంచీలోంచి చిలగడదుంపలు గుమ్మరించింది. ఆ వేళకే కాచుకున్నట్టు పిల్లలతో సహా పందులు బయటికొచ్చాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది షు ఫెన్. పంతొమ్మిది.

వెళ్లి బూన్ కెంగ్ చొక్కా చెయ్యి పట్టి పక్కకి లాగి గొంతు తగ్గించింది. "ఎన్నాళ్లుగా సాగుతోందిది?"

ఆయన ముఖం పాలిపోయింది. "నెలపైనే. కార్డులో ఆవిడ ముఖం చూశాను. నువ్వు చూస్తే కేసు పెడతావని కెమెరా తిప్పేశాను."

"పెట్టనా మరి? అడవి జంతువులకి తిండి పెట్టడం ఇక్కడ నేరం. తిండి మరిగితే రేపు మనుషుల మీదకొస్తాయి."

"చెప్పి చూశాను, వినదు. వాళ్ల పిల్ల రోజూ ఈ దారుల్లోనే తిరుగుతుందట. వీటి కడుపు నిండితే పిల్ల జోలికి రావని ఆవిడ నమ్మకం."

"ఎవరావిడ?"

"చెప్పనని మాటిచ్చాను."

"కోర్టులో చెబుదురుగాని."

షు ఫెన్ ఫోను తీసి, సాక్ష్యానికి ఫోటో కోసం ముందుకి నడిచింది. అలికిడికి పందులు చెల్లాచెదురయ్యాయి. "ఆంటీ, ఇటు తిరగండి."

సంచీ దులుపుతున్న చేతులు ఆగిపోయాయి. ఆమె నెమ్మదిగా తల మీది ముసుగు తీసి ఇటు తిరిగింది. షు ఫెన్ వేలు ఫోను మీద కదల్లేదు.

"పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చేశావేం, ఫెన్?" అంది షు ఫెన్ తల్లి.