తెరమీది శాపం

"రాత్రి డేరా సినిమాలో ఆ దయ్యం వేలు నీవైపే చూపించి శపించిందంటగదే!"

పేరమ్మ కేకకు మల్లేశ్వరి చేతిలో కాఫీ ఒలికింది. పేరమ్మ మల్లేశ్వరి మొగుడు భావనారాయణకు నాయనమ్మ. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు.

"తెరమీద బొమ్మ నాయనమ్మగారూ. ఎక్కడ కూర్చున్నా మనవైపే చూపించినట్టుంటుంది."

"అందరూ కొత్త పెళ్లికూతుళ్లా? 'కొత్త పెళ్లికూతురా, నీ మొగుడికి దూరమైపో' అందంట! ప్రత్తిపాడు ఆడంగులంతా లేచి పరిగెత్తుకొచ్చారు. నువ్వొక్కదానివే గోళీసోడా తాగుతా కూర్చున్నావంట!"

నిజమే. తడిక అవతలి మగాళ్ల వైపు నుంచి భావనారాయణ తొంగి తొంగి చూస్తుంటే దయ్యాన్నెవరు పట్టించుకుంటారు?

"వెంకటరావమ్మా! ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వెయ్యి. ఘాటొచ్చిందా, సరే. రాలేదా, శాపం తగిలినట్టే. మధ్యాహ్నం బస్సుకి పొదిలి, పుట్టింటికి పంపించెయ్. ఏడాది దాకా ఈ గడప తొక్కకూడదు."

"ఏడాదా!" అన్నాడు గుమ్మంలో భావనారాయణ.

"నోర్ముయ్యరా!"

అత్తగారు వెంకటరావమ్మ ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లోకి తీసుకుంది. ఆమె మాట్లాడేదే తక్కువ. కోడలు నచ్చిందో లేదో మల్లేశ్వరికి ఇంకా అంతుపట్టలేదు. పిడికిలి బిగించి కోడలి చుట్టూ తిప్పింది. పొయ్యి మీదికి వంగి చెయ్యి విదిలించింది. ఉప్పు చిటపటలాడింది.

కాలిన మిరపకాయ ఘాటు రాక ఎక్కడికి పోతుంది? బి.ఎ. చదివిన బుర్రకు ఆ సంగతి తెలుసు. గుండెకు తెలియడంలేదు. మల్లేశ్వరి గట్టిగా గాలి పీల్చింది.

ముందు అత్తగారు ఖళ్లున దగ్గింది. భావనారాయణ తుమ్మాడు. మల్లేశ్వరికి గొంతు భగ్గుమని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆఖరికి పేరమ్మ కూడా ముక్కుకు పైట అడ్డం పెట్టుకుంది.

"అబ్బ, చంపేస్తున్నాయి! ఏ చేలో కాయలే ఇవి? శాపంలేదు, గీపంలేదు. ముందు తలుపులు తెరవండే!" అంటూ మనవణ్ని పట్టుకుని వాకిట్లోకి నడిచింది.

మల్లేశ్వరికి ఆ పొయ్యిని కావలించుకోవాలనిపించింది. పొయ్యి వేడి కాబట్టి అత్తగారిని కావలించుకుంది.

"మీ చేతి చలవ అత్తయ్యా! మీ మిరపకాయలు చల్లగా ఉండాలి!"

వెంకటరావమ్మ వాకిలివైపు ఓసారి చూసి, పిడికిలి విప్పింది. మిరపకాయలన్నీ అందులోనే ఉన్నాయి.

"ఉప్పే వేశానే," అంది మెల్లగా. "ఇవి కూడా వేశాక, నిజంగానే ఘాటు రాకపోతేనో?"