ఎడమ అంచు

"గీ అంచులు మిషన్ కోసిందా, చేత్తో కోసిన్రా... గంతే చెప్పుండ్రి సారూ."

ముసలాయన చేతిసంచిలోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి బల్లమీద పెట్టాడు.

కృష్ణప్రసాద్ తలెత్తి చూశాడు. మాసిన పంచె, మందపాటి కళ్లద్దాలు. ఎవరో కొత్త మనిషి.

కృష్ణప్రసాద్‌ది కోస్తా. ప్రభుత్వోద్యోగం మీద హైదరాబాదు వచ్చి సైదాబాద్‌లో స్థిరపడ్డాడు. ఆదివారాలు మాత్రం శాలిబండలో, శివయ్య బట్టల కొట్టు పైగదిలో గడుస్తాయి. పాత హాకీ కార్డులు పోగుచేసేవాళ్లు అక్కడ కలుస్తారు. ఏది అసలో, ఏది నకిలీయో కృష్ణప్రసాద్ తేలిస్తే ఇక తిరుగులేదు.

డబ్బాలో ఉన్నది అరవైల్లో టీ పొట్లాల్లో పెట్టి ఇచ్చిన కార్డు. గోలు ముందు వంగి నిలబడ్డ ఆటగాడి బొమ్మ. పాత కార్డుల నాణ్యతకు గ్రేడు ఇచ్చే కంపెనీవాళ్లెవరో దాన్ని పరీక్షించి, డబ్బాకు సీలు వేసి, 'అంచులు ఫ్యాక్టరీవే' అని చీటీ కూడా అంటించారు.

"మీ పేరు?"

"సోమయ్య అంటరు. ఎనక గల్లీలనే ఉంటం."

"ఎక్కడిది ఇది?"

"బొంబాయిల ఒకాయన తాన ఉండె. ఉన్నదంతా ఊడ్చి తెప్పించిన."

"అమ్మడానికా?"

సోమయ్య డబ్బాను ఆయన ముందుకు జరిపాడు.

"అంచు చూడుండ్రి సారూ."

కృష్ణప్రసాద్‌కు విసుగొచ్చింది. పాత కార్డు దొరికితే చాలు, అదృష్టం తలుపు తట్టిందనుకునే వాళ్లను ఆయన చాలామందినే చూశాడు.

"డబ్బా పగలగొడితే గాని చెప్పలేను. పగిలిందా, ఈ గ్రేడు పోతుంది. మళ్లీ ఎవడూ కొనడు."

"ఫికర్ లేదు. పగలగొట్టుండ్రి."

డబ్బా విరిగింది. కృష్ణప్రసాద్ కార్డును దీపం కిందికి జరిపి భూతద్దం పట్టాడు.

"మూడు వైపులా సరిగ్గానే ఉంది. ఫ్యాక్టరీ కత్తి ఒక్క వేటుకు దిగుతుంది కాబట్టి అంచు పొడుగునా నూగు ఒకేలా ఉంటుంది. ఈ ఎడమవైపు చూడండి. ఇది కత్తెర. ఆగి ఆగి కోశారు."

"కత్తెరనేనా? పక్కానా సారూ?"

"ముమ్మాటికీ."

"ఇంక జర చూడుండ్రి. మీకు పుణ్యముంటది."

"ఇంకేం చూడమంటారు? వాటం చూస్తే ఎడమచేత్తో కోసినట్టుంది. బిగువు లేని చెయ్యి."

సోమయ్య కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

"ఆశకు పోతే ఇంతే పెద్దాయనా," అన్నాడు కృష్ణప్రసాద్. "బొంబాయివాడు మిమ్మల్ని నిండా ముంచాడు. రేపు మీరు ఇంకొకణ్ణి ముంచకూడదు కదా."

అంచు కత్తిరించిన కార్డూ నకిలీ కిందే లెక్క; అలాంటిదానికి చిల్లు పొడవడం ఆ గదిలో కట్టుబాటు. కృష్ణప్రసాద్, కాగితాలకు చిల్లులు వేసే పంచ్ అందుకుని, కార్డు ఎడమ అంచును దాని నోట్లో పెట్టి నొక్కాడు.

టక్కుమంది.

"అయ్యో సారూ!"

సోమయ్య చెయ్యి సగం దాకా వచ్చి గాలిలోనే ఆగిపోయింది. అంచు మధ్యలో కొరికినట్టు గంటు పడింది.

సోమయ్య బల్లమీద రాలిన ఆ చిన్న కాగితం ముక్కను వేలికొసతో అద్ది తీసి, కండువా కొంగున ముడివేసుకున్నాడు. కార్డును గుండెకు ఆనించుకుని మెట్లు దిగిపోయాడు.

కళ్లద్దాలు బల్లమీదే మిగిలిపోయాయి.

కృష్ణప్రసాద్ ఇంటికి బయల్దేరుతూ వాటిని జేబులో వేసుకున్నాడు. శివయ్యను అడిగితే ఇల్లు చెప్పాడు. వెనక గల్లీలో రేకుల గది. తలుపు తీసే ఉంది.

"నాగమణీ, సారొచ్చిండు. ఎడమచెయ్యి అని జెప్పిన సారు," అన్నాడు సోమయ్య.

మంచంమీది ముసలావిడ తడుముకుంటూ లేచి కూర్చుంది. ఆవిడకు చూపు ఆనదు. కార్డు ఆవిడ చేతిలోనే ఉంది.

"సల్లగుండు బిడ్డా. మా ఆండాలు కోసిందే గిది."

"ఆండాలంటే...?"

"మా బిడ్డ. ఏడేండ్లది. ఈయన అప్పుడు గీ కార్డులు అచ్చేసే ప్రెస్సుల పనిచేస్తుండె. కార్డులు ఇడగొట్టని పట్టీ ఒకటి తెచ్చిస్తే, గడపల కూసొని కోసింది. కత్తెర ఎడమచేత్తోని పట్టిందని నేనే చేతి మీద కొట్టిన. ఆ వారమే జరమొచ్చి పాయె."

కృష్ణప్రసాద్ జేబులోంచి కళ్లద్దాలు తీసి సోమయ్య చేతికిచ్చాడు.

"దాని సామాన్లు కండ్ల ముంగట ఉంటే ఓర్సుకోలేక గీ కార్డుతోని సహా అన్నీ పాతసామాన్ల కబాడోనికి ఇచ్చేసిన. ఒక్క ఫోటో గూడ లేదు బిడ్డా. అప్పటి సంది ఈయన, గీ కార్డు యాడ కనపడ్డా అంచే చూస్తడు. అన్నీ మిషన్ కోసినయే. గిప్పుడు దొరికింది నా తల్లి."

ఆవిడ వేలు ఎడమ అంచు వెంట మెల్లగా దిగుతూ వచ్చి, మధ్యలో ఆగింది.

"గిదేంది? ఈడ బొక్క పడ్డది! పోరి చెయ్యి ఆడిన కాడనే... ఎవలు జేసిన్రయ్యా?"

కృష్ణప్రసాద్ పెదవులు కదిలాయి.

"అమ్మా, నేను..."

"బొంబాయిలనే పడ్డదంట నాగమణీ, ఇంక చినగకుంట సారే కాపాడిండు," అంటూ సోమయ్య, కృష్ణప్రసాద్ చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టాడు.